ఊరికి తిరిగి వచ్చిన చిత్రకారుడు

పుట్టిన ఊరు విడిచి చాలాకాలమైన పిమ్మట మొన్న రాజమహేంద్రవరం వెళ్ళినాను. కోటగుమ్మం దగ్గర బండి దిగి గోదావరి గట్టు వెంబడి నడుస్తూ ఉంటే, పాత ఊరు అడుగడుగునా పలుకరించినది. 1881లో తొలి వితంతు వివాహం జరిపించి, 1890లో పురమందిరం కట్టించిన వీరేశలింగం పంతులుగారి ఊరు ఇది. 1900లో రైలును నది దాటించి, 1997లో విశ్రమించిన హేవలాకు వంతెన ఇంకను నీటిలో నిలిచియున్నది. ఆ వంతెన పని మొదలైన 1897వ సంవత్సరముననే, మార్చి 8వ తేదీన, ఈ ఊరిలో దామెర్ల రామారావు జన్మించినాడు. నేను చూడబోయినది అతని చిత్రశాలను.

రామారావునకు బాల్యమునుండి పాఠాలకన్న బొమ్మలమీద మక్కువ ఎక్కువ. ఇట్టి బాలురు ప్రతి పాఠశాలలోను ఉంటారు. వారిని గుర్తించే కన్నులే అరుదు. అదృష్టవశమున అట్టి కన్నులు గల గురువు ఆ ఊరిలోనే ఉన్నాడు. ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర రచయిత, స్వయముగా చిత్రకారుడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు మొదలైన విద్యార్థులు ఆయన చుట్టు చేరినారు. శిష్యులకు అజంతా గుహలను చూపి, మన పూర్వుల చిత్రకళ ఎట్టిదో ఆ పరదేశీయుడే తెలియజెప్పినాడు. రామారావు చేతిలోని నేర్పును కనిపెట్టి 1916లో బొంబాయిలోని జె.జె. చిత్రకళాశాలకు పంపించినాడు.

బొంబాయిలో రామారావు మానవదేహ నిర్మాణమును, వెలుగునీడల పొందికను పాశ్చాత్య పద్ధతిలో శ్రద్ధగా అభ్యసించినాడు. కాఠియవాడ ప్రాంతములు తిరిగి అక్కడి స్త్రీపురుషులను చిత్రించినాడు. చదువు ముగించుకొని ఊరికి తిరిగి వచ్చేసరికి గురువు లేడు. 1919లోనే స్వదేశమునకు వెళ్ళిపోయినాడు. చేయి పట్టి నడిపించినవాడు లేని ఊరిలో, ఇక తానే పదుగురికి దారి చూపవలసి వచ్చినది.

ఆనాటి చిత్రకారులకు రెండు మార్గములు కనిపించేవి. ఒకటి పాశ్చాత్యుల యథార్థ చిత్రణము. రెండవది వంగదేశీయుల మార్గము. ఆ రెండవ దానిని ప్రమోదకుమార చటోపాధ్యాయుడు బందరు జాతీయ కళాశాలలో బోధించినాడు. రామారావు ఈ రెండింటిలో దేనికిని దాసుడు కాలేదు. బొంబాయిలో నేర్చిన దేహపరిజ్ఞానమునకు అజంతా రేఖాలావణ్యమును జోడించి, తన కంటి ఎదుటి మనుషులను, గోదావరి కొండలను చిత్రములలోనికి తెచ్చినాడు. సర్వమును త్యజించిన బుద్ధుని చాలమంది చిత్రించినారు; అతడు మాత్రము ‘సిద్ధార్థ రాగోదయము’లో ఆ రాకుమారుని మనస్సున అనురాగము మొలకెత్తిన వేళను చూపించినాడు.

1922 ప్రాంతమున మిత్రుడు వరదా వెంకటరత్నముతో కలిసి ఊరిలో చిత్రకళాశాల స్థాపించినాడు. కుంచె పట్టుట మగవారి సొత్తని అతడు తలపలేదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడ చిత్రకారిణులైనారు. ఇల్లాలిని, తోబుట్టువును చిత్రకారిణులుగా చూచిన ఇల్లు ఆ కాలములో ఎన్ని ఉండును?

ఇంతలో మశూచికము వచ్చినది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావు కన్ను మూసినాడు. ఇరువదియెనిమిదేండ్లయినను నిండలేదు. సరిగా యాభై ఏండ్లకు, 1975లో, ఆ వ్యాధి మన దేశమున చివరిసారిగా కనబడి అంతరించినది. శిష్యుని పంపించిన గురువు మాత్రము 1958 వరకు జీవించినాడు. విత్తిన చేతికే ఆ చెట్టు పడిపోయిన వార్త వినవలసి రావడము ఎంతటి దుఃఖము!

చెట్టు పడినను వేరు మిగిలినది. వెంకటరత్నము మిత్రుని పాఠశాలను విడువక నడిపించినాడు. చిత్రములు చెల్లాచెదరు కాక చిత్రశాలలో నిలిచినవి. తరువాత ప్రభుత్వము దానిని స్వీకరించినది. నూటికి పైబడిన నీటిరంగుల చిత్రములు, ముప్పదికి పైబడిన తైలవర్ణ చిత్రములు, ఇంకను ఎన్నో రేఖాచిత్రములు: ఇంత పని ఒక పదేండ్లలో చేసినవాడు మరి ముప్పదేండ్లు బ్రతికియున్నచో అని తలచినప్పుడు గుండె బరువెక్కుతుంది.

నేను అక్కడ ఉన్నంతసేపు మరి ఇద్దరే వచ్చినారు. కాగితమునకు వెలుతురు, తేమ శత్రువులే. కాని చూచేవారు లేకపోవడము అంతకు మించిన శత్రువు. చూడని దానిని కాపాడవలెనని ఎవరికి తోచును? ఈ ప్రాంతపు ఉపాధ్యాయులు ఏటికి ఒకసారి అయినను విద్యార్థులను ఆ గోడల ముందు నిలబెట్టవలెనని నా మనవి. విద్యార్థులారా, మీరును వెళ్ళి చూడండి. ఇకమీదట నా తరగతిలో ఎవడైనను నోటుపుస్తకము అంచున బొమ్మ గీస్తూ పట్టుబడితే, మందలించడానికి ముందు ఆ బొమ్మను ఒకసారి చూస్తాను.