పేరు పాతది, పని కొత్తది: మొదటి సాలార్‌జంగ్ జీవితం

తాలూకాలు పోయి 1985లో మండలాలు వచ్చాయి. అయినా పరిగి పక్కనున్న మా కుల్కచర్లలో తహసీలు, పట్టా, పహాణీ అనే మాటలు లేకుండా భూమి గురించిన ముచ్చటే నడవదు. ఆ మాటల మధ్య పెరిగి, ఇప్పుడు కామర్సు విద్యార్థిగా సంస్థల్లో మనుషుల నిర్వహణ, మార్పు అనే పాఠం చదువుతుంటే నాకు ఒకటే అనిపిస్తుంది. పాఠంలో ఉదాహరణలన్నీ పరదేశపు ఫ్యాక్టరీలవే. మరి మన నేల మీదే ఒక దివాను ముప్ఫయ్యేళ్ళు కూర్చుని ఒక రాజ్యపు ఆఫీసులన్నింటినీ మార్చాడు కదా, ఆయన సంగతి ఎందుకు చెప్పుకోం? అందుకే మిత్రులారా, ఈ నాలుగు మాటలు.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో పుట్టాడు. మొదటి సాలార్‌జంగ్ అని లోకం పిలిచేది ఈయననే. మ్యూజియంలోని వస్తువులను ఎక్కువగా సేకరించింది ఈయన మనుమడు, మూడో సాలార్‌జంగ్. 1853 మే నెలలో బాకీల కింద బీరారు ఇంగ్లీషువారి చేతికి పోయింది. ఆ వెంటనే దివానుగా ఉన్న పినతండ్రి సిరాజుల్ ముల్క్ కన్నుమూశాడు. దివానుగిరీ ఇరవైనాలుగేళ్ళ కుర్రవాడి నెత్తిన పడింది.

అప్పటి రాజ్యం పరిస్థితి ఏమిటి? ఖజానా ఖాళీ. కొన్ని జిల్లాలు అరబ్బు జమేదార్ల దగ్గర, సాహుకార్ల దగ్గర తాకట్టులో ఉన్నాయి. శిస్తు వసూలు గుత్తకిచ్చేవారు. ఆ గుత్తేదారునే తాలూక్‌దార్ అనేవారు. సర్కారుకు ఒప్పుకున్న మొత్తం కట్టేస్తే చాలు, రైతు దగ్గర ఎంత గుంజాడో అడిగే నాథుడు లేడు. ఒక్కో తావులో ఒక్కో నాణెం చెల్లేది.

సాలార్‌జంగ్ అన్నీ ఒక్క దెబ్బతో కూల్చలేదు. తాకట్టు పోయిన జిల్లాలను మెల్లమెల్లగా విడిపించాడు. గుత్తేదారులను ఒక్కొక్కరినే తప్పించి, వాళ్ళ స్థానంలో జీతగాళ్ళను పెట్టాడు. హాలీ సిక్కాతో నాణేలకు ఒక కట్టుబాటు తెచ్చాడు. 1864లో రెవెన్యూ బోర్డు, 1865 నుంచి జిలాబందీ, అంటే జిల్లాల ఏర్పాటు, 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదరుల్ మహాంలు, అంటే మంత్రులు వచ్చారు. జిల్లాను తాలూకాలుగా చేసి తహసీల్దార్లను నియమించారు.

ఇక్కడ ఒక విశేషం చూడండి. కొత్త జిల్లా అధికారికి ఏం పేరు పెట్టారు? అవ్వల్ తాలూక్‌దార్! నిన్నటి గుత్తేదారు పేరే నేటి జీతగాడికి. పేరు పాతది, పని మాత్రం పూర్తిగా కొత్తది. పాత దఫ్తర్ల సంగతీ అంతే. దఫ్తర్-ఎ-దివానీ రాయ్ రాయాన్ వంశం చేతిలో, దఫ్తర్-ఎ-మాల్ మాల్వాలా వంశం చేతిలో తరతరాలుగా ఉండేవి. వాటిని మూసెయ్యలేదు. గౌరవం గౌరవంగానే ఉంచి, పనిని మాత్రం కొత్త ఆఫీసులకు మళ్ళించాడు. పాత చెట్టును నరకలేదు, నీళ్ళ కాలువను పక్కకు తిప్పాడన్నమాట. మనుషుల పరువు తియ్యకుండా మార్పు తేవచ్చుననడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అయితే ఆయన్ని దేవుణ్ణి చేసి కూర్చోబెట్టడం నా ఉద్దేశం కాదు. 1857 జులైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వాన జనం రెసిడెన్సీ మీదికి వెళ్ళినప్పుడు ఆయన ఇంగ్లీషువారి పక్షానే నిలిచాడు. తర్వాతి కాలంలో కోఠీ మహిళా కళాశాల నడిచిన భవనమే ఆ రెసిడెన్సీ. ఆయన రాజ్యాన్ని కాపాడాడని కొందరంటే, తిరుగుబాటుకు అడ్డం పడ్డాడని మరికొందరంటారు. ఇంత చేసినా బీరారు మాత్రం తిరిగి రాలేదు. 1876లో ఇంగ్లండు వెళ్ళాడు, ఆక్స్‌ఫర్డు గౌరవ పట్టా ఇచ్చింది, బీరారు దక్కలేదు. మన తాండూరు, వికారాబాదుల మీదుగా పోయే వాడి–సికింద్రాబాదు రైలుమార్గం 1874లో ఆయన హయాంలోనే తెరుచుకుంది. పెద్ద ఉమరావుల పాయెగాలు, జాగీర్ల జోలికి మాత్రం ఈ సంస్కరణలు అంతగా పోలేదు. వికారాబాదు పేరే ఒక పాయెగా ప్రభువు వికారుల్ ఉమ్రాది.

అన్నిటికన్నా పెద్ద లోటు మరొకటి. కొత్త ఆఫీసులకు కొత్త చదువులవాళ్ళు కావాలి. దారుల్ ఉలూమ్ పెట్టించాడు గాని అది చాలలేదు. 1870ల్లో సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మొహసినుల్ ముల్క్, వికారుల్ ముల్క్ వంటి సమర్థులను ఉత్తరాది నుంచి రప్పించాడు. తాను బతికున్నన్నాళ్ళు వాళ్ళను ఒక హద్దులో ఉంచాడు. 1883 ఫిబ్రవరిలో కలరాతో హఠాత్తుగా పోయాడు. అప్పుడాయనకు 54 ఏళ్ళు. ఆ హద్దూ ఆయనతోనే పోయింది. మరుసటి ఏడే పారసీ స్థానంలో ఉర్దూ అధికారభాష అయింది. తెలుగు మాట్లాడే రైతుబిడ్డకు అదీ పరాయిదే, ఇదీ పరాయిదే. ముల్కీ, గైర్‌ముల్కీ తగవు ముదిరింది. 1919లో ముల్కీ నిబంధనలు వచ్చాయి. 1952లో, 1969లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చి ప్రాణాలిచ్చిన గొడవకు మూలాలు ఇంత లోతున ఉన్నాయి.

కనుక నాకు తోచేదేమిటంటే, ఆయన పాత మనుషులను అవమానించకుండా మార్పు తేగలిగాడు, అది ఆయన గొప్ప. ఆ మార్పును మొయ్యడానికి ఉన్న ఊరి మనుషులను తయారుచెయ్యడంలో వెనకబడ్డాడు, దాని బాకీ తరాల తరబడి మనవాళ్ళు కట్టారు. రేపు మనలో కొందరు తహసీలు ఆఫీసులోనో, బ్యాంకులోనో, ఫ్యాక్టరీలోనో కుర్చీ ఎక్కుతారు. కొత్త పద్ధతి తెచ్చే రోజు తప్పకుండా వస్తుంది. ఆనాడు రెండు ప్రశ్నలు వేసుకుందాం: పాతవాళ్ళ పరువు నిలిచిందా? పక్కనున్నవాడికి పని నేర్పామా? రెండోదానికి జవాబు లేకపోతే మొదటిది ఎంత బాగా చేసినా నిలవదు.