కాటను దొరగారి జీవితము: కాలువనుండి కడలి వరకు

గోదావరీ తీరమున పుట్టి పెరిగినవారిలో కాటను దొర పేరు వినని వారుండరు. ధవళేశ్వరమున ఆయన కట్టించిన ఆనకట్టను గూర్చియు, దానివలన ఈ సీమ అన్నపూర్ణయైన విధమును గూర్చియు పెద్దలు చెప్పగా మనము చిన్ననాటినుండియు వినుచునే యున్నాము. కాని ఆ మహనీయుని యుద్యోగ జీవితములో పెక్కు సంవత్సరములు నదులకును సముద్రమునకును నడుమనే గడచినవను సంగతి పలువురకు తెలియదు. ఆ చరిత్రమును సంగ్రహముగా వ్రాసి, కడియమువంటి కాలువగట్టు గ్రామములవారమగు మనకు దానివలన గలుగు కర్తవ్యమును సూచించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఆర్థరు థామసు కాటను 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. ఆయన తండ్రి హెన్రీ కాల్వెలీ కాటను. అన్నదమ్ములు పెక్కుమందిగల కుటుంబములో ఆర్థరు పదియవ కుమారుడు. పదునైదేండ్ల ప్రాయమున ఆడిస్కూంబులోని ఈస్టిండియా కుంపిణీవారి సైనిక పాఠశాలలో చేరి, ఇంజనీరు విద్య నభ్యసించి, 1821లో చెన్నపట్టణము చేరెను. వచ్చిన కొలదికాలమునకే రామేశ్వర ద్వీపమునకును భారతభూమికిని నడుమ నున్న పాంబను జలసంధిని ఓడల రాకపోకలకు అనుకూలపరచుటకై కొలతలు తీసెను. 1824లో ఆరంభమైన బర్మా యుద్ధమునందును పనిచేసెను.

పిమ్మట ఆయన చూపు కావేరీనదిపై పడినది. తంజావూరు సీమలో పూర్వము చోళరాజులు కట్టించిన కల్లణై యను ఆనకట్ట, అడుగున రాయి దొరకని ఇసుకనేలపై శతాబ్దములుగా చెక్కుచెదరక నిలిచియుండుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. ఇసుకలో పునాది నిలుపు నేర్పును ఈ దేశపు ప్రాచీన శిల్పులవద్దనే తాను గ్రహించితినని ఒప్పుకొనుటకు ఆయన సంకోచింపలేదు. ఆ జ్ఞానముతోడనే 1836 ప్రాంతమున కొల్లిడము నదికి ఆనకట్టలు కట్టి తంజావూరు పొలములకు నీరు నిలిపెను. విద్య యెవరియొద్ద నున్నను వినయముతో గ్రహింపవలెనని విద్యార్థులు దీనివలన నేర్చుకొనదగును.

తరువాత ఆయన విశాఖపట్టణమునకు వచ్చెను. అచ్చట సముద్రము తీరమును కోసివేయుచుండగా, ఒడ్డునుండి నీటిలోనికి కట్టలు కట్టించి ఆ కోత నరికట్టెను. కెరటములు ఇసుకను ఒకచోట తీసి వేరొకచోట చేర్చును. ఆ రాకపోకలు తెలియనివాడు తీరమును కాపాడజాలడు.

అంతట గోదావరీ మండలము ఆయన కంటబడెను. నాటి స్థితిని తలచిన నేటికిని మనస్సు కలగును. 1832-33 సంవత్సరములలో వచ్చిన ఘోరమైన కరవు గ్రామములను శ్మశానములుగా మార్చినది. 1839లో తుపాను వచ్చి, సముద్రము ఉప్పెనయై కోరంగి రేవును ముంచివేసినది. 1821లో 7,38,308గా నున్న జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి దిగిపోయినది. ఇరువది యేండ్లలో లక్షా డెబ్బదియేడు వేలమంది తగ్గిరి. ప్రక్కనే మహానది నిండుగా పారుచుండగా జనులు అన్నము లేక చచ్చుట కాటను దొరకు సహింపరానిదయ్యెను.

ఆయన జిల్లా యంతయు తిరిగి, ఎత్తుపల్లములు కొలిచి, ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టవలయునని 1844లో దొరతనమువారికి విన్నవించెను. అనుమతి వచ్చిన పిదప 1847లో పని యారంభమయ్యెను. అచ్చట నదిగర్భము లంకలతో కూడ సుమారు నాలుగు మైళ్ల వెడల్పు. అందుచే ఆనకట్టను ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టిరి. ధవళేశ్వరపు కొండరాయి ఇందుల కుపయోగపడెను. వేలకొలది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు పాటుపడిరి. కూలీలను సమకూర్చి పనిని నడపుటలో వీణం వీరన్నగారు దొరగారికి కుడిభుజమై నిలిచిరి. నడుమ 1848లో కాటను దొర ఆరోగ్యము చెడి సెలవుపై పోవలసివచ్చినను, కెప్టెను ఆర్ అను సహోద్యోగి పని ఆగకుండ చూచెను. కాటను తిరిగివచ్చి 1852లో ఆనకట్టను పూర్తిచేయించెను.

ఆనకట్ట నిలిచినంతనే కాలువలు నలుదెసల ప్రాకినవి. పూర్వము వాననమ్ముకొన్న బీళ్లు పచ్చని మాగాణులైనవి. నేడు ఈ డెల్టాలో సుమారు పదిలక్షల ఎకరములు గోదావరినీటితో పండుచున్నవి. ఆ కాలువలు లాకులతో కూడి పడవలు నడచు రాచబాటలు గూడ నయ్యెను. ధాన్యపు పడవలు కాకినాడ రేవువరకు పోయెడివి. కడియపులంక తోటలలో నేడు దేశదేశములకు పోవు పూలమొక్కలకు ప్రాణాధారమైనది ఈ కాలువనీరే.

కాటను దొర 1860లో కొలువు చాలించుకొని, 1861లో సర్ బిరుదము పొందెను. స్వదేశమునకు పోయినను ఊరకుండలేదు. రైలుమార్గములకంటె కాలువలే ఈ దేశపు బీదలకు మేలని వాదించి పెద్దలతో విరోధము తెచ్చుకొనెను. 1878లో పార్లమెంటు సంఘమువారి యెదుట తన యభిప్రాయమును నిర్భయముగా చెప్పెను. తుదకు 1899వ సంవత్సరము జూలై 24వ తేదీన, తొంబదియారేండ్ల వయస్సున, డార్కింగు పట్టణమున దైవసన్నిధి చేరెను. మరుసటి యేడు ఆయన కుమార్తె లేడీ హోపు ఆయన జీవితచరిత్రమును ప్రకటించెను. పాత ఆనకట్టకు బదులుగా కట్టబడి 1982 నాటికి పూర్తియైన బారేజికి ఆయన పేరే పెట్టిరి.

ఇంతవరకు ఆయన కీర్తి. ఇక మనము విచారింపవలసిన మాట యొకటి కలదు. సముద్రమున గలియు నదీజలము వృథాయగు ధనమని కాటను దొర తలంచెను. ఆకలితో జనులు చచ్చుచున్న దినములలో ఆ తలంపు సహజము. దానివలననే మనము బ్రతికితిమి. అయితే సముద్రమునకు పోవు నీరంతయు వృథా కాదని నేటి శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. నది తెచ్చు ఒండ్రుమట్టియే ఈ డెల్టాను నిర్మించినది. ఎగువ ఆనకట్టలలో ఆ మట్టి నిలిచిపోవుటచే తీరము కోతకు లోనగుచున్నది. తీపినీరును ఉప్పునీరును కలియుచోట కోరంగి మడ అడవులు పెరుగును. రొయ్య పిల్లలకును చేప పిల్లలకును అవి ఊయెలలు. తుపాను కెరటములకు అవి అడ్డుగోడలు. ఈ యడవిని 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. పుస్తెలమ్మియైనను తినవలెనని మనవారు చెప్పుకొను పులస చేప సముద్రమునుండి వరదనీటి కెదురీది గోదావరిలోనికి వచ్చునదే. నదియు సముద్రమును ఒక్కటే యిల్లని ఆ చేప మనకు చెప్పుచున్నది.

ఇల్లు ఒక్కటే యైనచో, వాకిట పారవేసిన చెత్త పెరటికి చేరక మానదు. కాలువనీరు పొలములలోనికి, పొలములనుండి మురుగుకాలువలలోనికి, వానినుండి ఏటిపాయలకును ఉప్పుటేరులకును పోయి తుదకు బంగాళాఖాతమున గలియును. కావున కడియములో కాలువలోనికి విసరిన ప్లాస్టిక్కు సంచి కడియముననే యుండిపోదు. మొక్కలు తీసి పారవేసిన నల్లసంచియు, మందు చల్లి విసరిన డబ్బాయు కొంతకాలమునకు మడచెట్ల వేళ్లకు చుట్టుకొనును, లేదా కడలిలో తేలును. ప్లాస్టిక్కు మట్టిలో గాని నీటిలో గాని కుళ్లిపోదు. ఎండకును కెరటములకును నలిగి నలిగి కంటికి కానరాని పొడియై చేపల కడుపులో చేరును. గ్రుడ్లు పెట్టుటకై మన తీరమునకు వచ్చు సముద్రపు తాబేళ్లు తేలియాడు సంచిని ఆహారమని మ్రింగి చచ్చును. పొలమున మితిమీరి చల్లిన ఎరువు నీటితో దిగువకు పోయి నాచును పెంచును. ఆ నాచు కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు ఉక్కిరిబిక్కిరియగును. ఇందువలన మొదట నష్టపడువాడు వలవేసి బ్రతుకు బెస్తవాడు. తరువాత ఆ చేపను కొని తిను మనము.

పెద్ద ఓడలును పెద్ద కర్మాగారములును సముద్రమును పాడుచేయుచుండగా మన యొక్క సంచితో నేమగునని కొందరందురు. కాటను దొర కాలువల పటమును చూచినవారట్లనరు. చిన్న పంటబోదెలు కోట్ల ఘనపుటడుగుల నీటిని పొలములకు పంచగలిగినట్లే, చిన్న చిన్న చేతులు విసరిన చెత్తను కడలికి మోయగలవు. మేలు వచ్చిన త్రోవనే కీడును పోవుచున్నది.

ఇందుకు తగిన కాలమొకటి మన కలవాటులోనే యున్నది. ప్రతి వేసవిలోను మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. అప్పుడు ఏడాదిపాటు నీటిక్రింద దాగిన చెత్తయంతయు కాలువ యడుగున బయటపడును. తిరిగి నీరు వదలినంతనే ఆ మొదటి నీరే దానిని ఊడ్చుకొని దిగువకు పోవును. మే 15వ తేదీ కాటను దొర జన్మదినము. నాడు ధవళేశ్వరమున ఆయన విగ్రహమునకు పూలమాలలు వేయుదురు. జూన్ 8వ తేదీ ప్రపంచ సముద్ర దినము. ఐక్యరాజ్యసమితివారు 2009 నుండి దానిని జరుపుచున్నారు. ఈ రెండు దినములకు నడుమ నున్న వారములలోనే కాలువ యెండియుండుటయు, నీరు వచ్చుటయు సాధారణముగా జరుగును. పెద్దలతో కూడి, వారి యనుమతితో, మన యూరి కాలువలో పేరుకొన్న సంచులను డబ్బాలను నీరు రాకముందే ఏరి గట్టు చేర్చినచో, అంతమేరకు సముద్రము నిర్మలమగును. తల్లిదండ్రులు ఇంటిచెత్తను కాలువపాలు చేయకుండినచో మరుసటి వేసవికి ఏరవలసినదే తక్కువయగును.

ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుట క్రీస్తుప్రభువు సేవయని నమ్మినవాడు కాటను దొర. ఆయన మనకిచ్చిన నీరు మన యూరు దాటిన పిదపను దిగువవారికిని, బెస్తలకును, నోరులేని జలచరములకును కావలసినదే. విగ్రహమునకు వేసిన మాల సాయంకాలమునకు వాడిపోవును. శుభ్రముగా పారు కాలువ మాత్రము ఏటేట ఆయన పేరు కడలివరకు మోయును.