రక్తం గోలీలో మన సుబ్బారావు గారు

మన నల్లగొండ, పాలమూరు ఊళ్లల్లో కడుపుతో ఉన్న ఆడవాళ్లందరికీ రక్తం గోలీలు తెలుసు. నర్సమ్మ ఇచ్చిపోతుంది. వికారమనో, వాసననో సగం గోలీలు గూట్లోనే ఉండిపోతాయి! అందులో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని మొదట ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి పెద్ద మన తెలుగాయనే, యల్లాప్రగడ సుబ్బారావు గారు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుంటే బోలెడు డబ్బని చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోతే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెప్పించారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. తర్వాత సన్యాసం పుచ్చుకుంటానంటే ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు. ఆవిడ పట్టుదలే లేకపోతే మనకీ కథే లేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది, ఎంబీబీఎస్ బదులు తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు.

మామగారి సాయంతో 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. అప్పటికి భార్య శేషగిరి గారు గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి చూడనే లేదు. ఆయన మళ్లీ ఇండియాకు రాలేదు. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఈమె ఎదురుచూపు సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకది బాగుండదు.

హార్వర్డులో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో పోర్టరు పని. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. 1945లో ఫోలిక్ యాసిడ్ తయారైంది. సోదరులను తీసుకుపోయిన స్ప్రూకు కూడా అది మందయింది.

ఇంతకీ అది చేసే పనేమిటి? మన ఒంట్లో ఒక కణం రెండవ్వాలంటే ముందు లోపలున్న 46 క్రోమోజోములకూ నకలు తీసుకోవాలి. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు దస్తావేజుకు నకలు రాయించి ఇద్దరికీ ఇచ్చినట్టన్నమాట. తేడా లేకుండా రాస్తేనే రెండు కణాలూ ఒకేలా ఉంటాయి. ఆ నకలు రాయడానికి కావాల్సిన డీఎన్ఏ సరుకు తయారవ్వాలంటే ఫోలిక్ యాసిడ్ ఉండాలి. అది లేకపోతే మూలుగలో రక్తకణాలు ఉబ్బుతాయే గానీ సరిగా విడిపోవు. అదొక రకం రక్తహీనత. గర్భంలో మొదటి నెలలో శిశువు వెన్నుపాము గొట్టం మూసుకోవడానికీ ఇది కావాలి. అందుకే నెల తప్పకముందు నుంచే వేసుకోమంటారు డాక్టర్లు. పాలకూర, తోటకూర, పెసలలోనూ ఉంటుంది, కాకపోతే కూరను గంటలకొద్దీ ఉడకబెడితే పోతుంది.

విడిపోవడం ఆగనిదే క్యాన్సరు. బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సరున్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ తరహా మందులిస్తే జబ్బు ముదిరినట్టు కనిపించింది. అయితే దాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు గారి బృందం అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించే దొంగసరుకు తయారు చేసింది. పేరు అమినోప్టెరిన్. కణం దాన్ని అసలుదనుకుని తీసుకుంటుంది, నకలు పని అక్కడే ఆగిపోతుంది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ కొంతకాలం తర్వాత మళ్లీ తిరగబెట్టింది. అయినా అంతకుముందు ఆ తల్లులకు ఆ నెలలు కూడా లేవు.

అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. ఆయన మందుకు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌తో 1956లో అమెరికాలో ఒక స్త్రీకి, గర్భం తర్వాత మాయ కణాల నుంచి పుట్టే క్యాన్సరు నయమైంది. ముత్యాల గర్భం వచ్చిన వాళ్లను నెలల తరబడి రక్త పరీక్షలకు రమ్మనేది ఈ క్యాన్సరును కనిపెట్టడానికే. దొరికితే ఇచ్చే మందుల్లో ఇప్పటికీ మెథోట్రెక్సేట్ ఉంది.