ఆజ్ఞ ఇచ్చినవాడు, ఆజ్ఞను ప్రశ్నించినవాడు: నాటక మహాకవి సోఫోక్లీసు

పెద్దల మాట వినాలని మనమందరం చిన్ననాటినుండి వింటూనే పెరిగాం. 1860 తర్వాత మన తాతముత్తాతలు ఓడలు దిగి నేటాల్ చెరకు తోటలలో చెమటోడ్చిన రోజులలో ఆ కట్టుబాటే మన ఇళ్ళను నిలబెట్టింది. అయితే పెద్దవాడి ఆజ్ఞ ఒక దారిన, ధర్మం మరొక దారిన నడిచినప్పుడు మనిషి ఏం చేయాలి? సుమారు 2,460 సంవత్సరాల క్రితం గ్రీసు దేశంలో ఒక మహాకవి ఈ ప్రశ్నను రంగస్థలం మీద నిలబెట్టాడు. ఆయనే సోఫోక్లీసు. మనం పుట్టి పెరిగిన ఈ దక్షిణాఫ్రికా గడ్డతో ఆయన నాటకానికి ఒక సంబంధం ఉన్నది. దానిని చివర చెప్పుకుందాం.

సోఫోక్లీసు క్రీ. పూ. 496 ప్రాంతంలో ఏథెన్సు నగరానికి దగ్గరలోని కొలోనస్ గ్రామంలో పుట్టాడు. తండ్రి సోఫిల్లస్ ఆయుధాలు చేయించే కార్ఖానా గల సంపన్నుడు. క్రీ. పూ. 480లో సలామిస్ సముద్ర యుద్ధంలో గ్రీకులు పారశీక నౌకాదళాన్ని ఓడించినప్పుడు, విజయోత్సవంలో పాడిన బాలుర బృందానికి ఈ కుర్రవాడే నాయకత్వం వహించాడని పూర్వులు రాశారు.

ఆనాటి ఏథెన్సులో నాటకమంటే పొద్దుపుచ్చే వినోదం కాదు. ఏటా డయొనైసస్ దేవుని ఉత్సవంలో ముగ్గురు విషాద నాటక కవులు పోటీ పడేవారు. ఊరంతా కూర్చుని చూసేది. క్రీ. పూ. 468లో సోఫోక్లీసు తనకంటె పెద్దవాడైన ఎస్కిలస్ మహాకవిని ఓడించి మొదటి బహుమతి పొందాడు. ఆ తర్వాత పోటీలలో ఏనాడూ మూడవ స్థానానికి దిగలేదట. రంగం మీదికి మూడవ నటుణ్ణి తెచ్చింది ఆయనేనని అరిస్టాటిల్ చెప్పాడు. ఆయన రాసిన నాటకాలు 120 పైచిలుకు. మనకు పూర్తిగా దక్కినవి 7 మాత్రమే.

ఆ ఏడింటిలో మనం ముఖ్యంగా తలచుకోవలసినది క్రీ. పూ. 441 ప్రాంతంలో ప్రదర్శించారని చెప్పే ఆంటిగొనీ. థీబ్సు నగరం కోసం అన్నదమ్ములిద్దరు పోరాడి ఒకరి చేతిలో ఒకరు చస్తారు. మేనమామ క్రేయాన్ రాజవుతాడు. నగరాన్ని కాపాడినవాడికి సకల మర్యాదలతో అంత్యక్రియలు చేయించి, దండెత్తి వచ్చినవాడి శవాన్ని కుక్కలకూ గద్దలకూ వదిలేయమంటాడు. మట్టి వేసినవారికి మరణశిక్ష అని చాటింపు వేయిస్తాడు. చెల్లెలు ఆంటిగొనీ ఊరుకోలేక, అన్న శవం మీద పిడికెడు మన్ను చల్లి పట్టుబడుతుంది. రాజాజ్ఞ కంటె దేవతల నియమం పెద్దదని సభలో నిలబడి చెబుతుంది. కన్నవారికీ తోబుట్టువులకూ చేయవలసిన కర్మ తప్పరాదని నమ్మే మన కుటుంబాలకు ఆ పిల్ల బాధ వేరే వివరించనక్కరలేదు.

అయితే కవి క్రేయాన్‌ను రాక్షసుడిగా చిత్రించలేదు. అంతర్యుద్ధం నిన్ననే ముగిసింది. అదుపు లేకపోతే నగరం నిలవదని అతని భయం. ఆ భయం అబద్ధమూ కాదు. అతని తప్పు మరొకచోట ఉంది. ఆంటిగొనీని పెళ్ళాడవలసిన అతని కొడుకు హైమాన్ మొదట ఎంతో వినయంగా మాట్లాడతాడు. ఊరి జనం ఏమనుకుంటున్నారో తండ్రికి తెలియజేస్తాడు. వయసులో చిన్నవాడు తనకు బుద్ధి చెప్పడమా అని తండ్రి రేగిపోతాడు. చివరకు ముసలి జోస్యుడు టైరీసియస్ హెచ్చరించాక గాని అతని మనసు కరగదు. ముందు శవాన్ని పూడ్చి, తర్వాత ఆంటిగొనీని బంధించిన రాతిగుహకు పరుగెత్తుతాడు. అప్పటికే ఆమె ఉరి వేసుకుంది. కొడుకు కత్తి దూసుకుని ఆమె పక్కనే కూలిపోతాడు. ఆ కబురు విని రాణి కూడా ప్రాణం తీసుకుంటుంది. ఆజ్ఞ ఇచ్చినవాడు ఒంటరిగా మిగులుతాడు.

ఇది రాసినవాడు అధికారం ఎరుగని మనిషి కాడు. క్రీ. పూ. 443లో ఏథెన్సు కూటమి ఖజానా అధికారులలో ఆయన ఒకడు. క్రీ. పూ. 441లో పెరిక్లీసుతో పాటు సేనానిగా ఎన్నికై, తిరుగుబాటు చేసిన సామోస్ ద్వీపం మీద యుద్ధంలో పాల్గొన్నాడు. ఆంటిగొనీకి వచ్చిన పేరే ఆయనకు ఆ పదవి తెచ్చిందని పాతకథ. ఆజ్ఞ బరువు ఇచ్చేవాడికి ఎలా ఉంటుందో, మోసేవాడికి ఎలా ఉంటుందో ఆయనకు రెండూ తెలుసు.

క్రీ. పూ. 413లో సిసిలీ దండయాత్ర సర్వనాశనమయ్యాక నగరాన్ని గట్టెక్కించడానికి ఎన్నుకున్న పదిమంది పెద్దలలో సోఫోక్లీసు పేరున్నది. రెండేళ్ళకు ప్రజాపాలన తీసేసి నాలుగువందల మంది చేతిలో అధికారం పెట్టారు. అది మంచిపని కాదని తెలిసీ, వేరే దారి లేక ఒప్పుకున్నానని ఆయన అంగీకరించినట్టు అరిస్టాటిల్ రాశాడు. ఆ సోఫోక్లీసు మన కవేనని పలువురు పండితుల అభిప్రాయం. అదే నిజమైతే, ఆంటిగొనీని సృష్టించినవాడు కూడా ఒకనాడు తలవంచాడన్నమాట. ఈ సంగతి దాచి ఆయన్ను పొగడడం మాకు ఇష్టం లేదు.

బహుశా ఆ గాయమే మళ్ళీ కలం పట్టించిందేమో! క్రీ. పూ. 409లో, సుమారు 87వ ఏట, ఫిలొక్టెటీస్ అనే నాటకంతో మొదటి బహుమతి గెలిచాడు. అందులో ఒక యువకుడు పెద్దల ఆజ్ఞ ప్రకారం ఒక రోగిని మోసగించి అతని విల్లు చేజిక్కించుకుంటాడు. తర్వాత సిగ్గుపడి, పైవాడు బెదిరించినా వినక, తిరిగి ఇచ్చేస్తాడు.

క్రీ. పూ. 406లో తోటి కవి యురిపిడీస్ మరణవార్త విని సోఫోక్లీసు తన బృందానికి శోకవస్త్రాలు కట్టించాడని చెబుతారు. కొద్ది నెలలకే ఆయనా కన్నుమూశాడు. సొంత ఊరిని తలచుకుంటూ రాసిన చివరి నాటకాన్ని, తాత పేరే పెట్టుకున్న మనవడు క్రీ. పూ. 401లో ప్రదర్శించాడు. తాతల విద్యను నిలబెట్టిన మనవలంటే మనకు ప్రత్యేకమైన అభిమానం కదా!

ఇక మన గడ్డ సంగతి. రాబెన్ ద్వీపం జైలులో రాజకీయ ఖైదీలు ఆంటిగొనీ నాటకం ఆడారు. అందులో క్రేయాన్ వేషం కట్టినవాడు నెల్సన్ మండేలా. అన్యాయమైన చట్టాన్ని ధిక్కరించి జైలుకు వెళ్ళిన మనిషి ఆ చట్టం విధించే రాజు పాత్రలో నిలబడ్డాడు. దయ లేని మొండితనం నాయకుడికి తగదని ఆ పాత్ర తనకు నేర్పిందని 1994లో వెలువడిన తన ఆత్మకథలో రాసుకున్నాడు. అదే ఏడు ఆయన ఈ దేశానికి అధ్యక్షుడయ్యాడు.

తండ్రి మాట జవదాటని రాముణ్ణీ, తండ్రి మాట కాదన్న ప్రహ్లాదుణ్ణీ ఒకే పూజామందిరంలో పెట్టుకున్న జాతి మనది. మన పిల్లలకు వినయం నేర్పుదాం. ఆ వినయంతోనే వారు ఏనాడైనా హైమానులా ఒక మాట చెప్పవస్తే, కోపం తెచ్చుకోకుండా కూర్చుని విందాం.