పిస్తోలు కొన్న చేత్తోనే పిస్తోలు వద్దని రాసిన బిస్మిల్

రూ. 75 పోసి కొన్న రివాల్వరు అది. ఇంటికి తెచ్చి, మందు దట్టించి, మీట నొక్కితే గుండు 15, 20 గజాలు పోయి నేల మీద పడింది. కొన్నవాళ్ళ ముఖాలు చిన్నబోయాయి. అలా మోసపోయిన కుర్రవాళ్ళకు నాయకుడు రాంప్రసాద్ బిస్మిల్. కాకోరి రైలు కేసులో 1927లో ఉరికంబమెక్కిన వీరుడు ఆయనే.

బిస్మిల్ 1897 జూన్ 11న ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో పుట్టారు. వాళ్ళ పూర్వీకులది ఆ ఊరు కాదు. చంబల్ నది ఒడ్డున గ్వాలియర్ సంస్థానంలో ఉన్న బర్బాయి గ్రామం. తాతగారు ఇంటి గొడవలతో ఊరు వదిలి, భార్యాబిడ్డలతో షాజహాన్‌పూర్ చేరి, ఒక అత్తరు దుకాణంలో నెలకు 3 రూపాయలకు పనిచేశారు. తండ్రి మురళీధర్ మునిసిపాలిటీలో నెలకు రూ. 15 జీతానికి కుదిరారు. తర్వాత ఆ ఉద్యోగం మాని కోర్టులో స్టాంపు కాగితాలు అమ్ముకున్నారు. తల్లి మూలమతి పదకొండో ఏట కాపురానికి వచ్చి, ఇంటి పని చేసుకుంటూనే ఇరుగుపొరుగు ఆడవాళ్ళ దగ్గర అక్షరాలు నేర్చుకున్నారు.

చిన్నతనంలో బిస్మిల్ అల్లరి పిల్లవాడు. తండ్రి పెట్టెలో డబ్బు దొంగిలించి నవలలు కొన్నాడు, సిగరెట్లు తాగాడు. ఆర్యసమాజం సావాసంతో ఆ అలవాట్లన్నీ మానుకున్నాడు. 1915లో లాహోరు కుట్ర కేసులో భాయీ పరమానంద్‌కు ఉరిశిక్ష పడిందన్న వార్త పత్రికలో చదివి, తెల్లవాళ్ళ మీద పగ తీర్చుకుంటానని ప్రతిజ్ఞ చేశాడు. తర్వాత ఆ ఉరిశిక్ష ద్వీపాంతరవాసంగా మారినా ప్రతిజ్ఞ మాత్రం మారలేదు.

ప్రతిజ్ఞ నెరవేరాలంటే ఆయుధం కావాలి. 1878 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోకూడదు. స్వరాజ్యం కోరే కుర్రవాడికి లైసెన్సు ఇచ్చే కలెక్టరు ఎవరు? ఇదే చిక్కు మన వైపు అల్లూరి సీతారామరాజుకూ ఎదురైంది. ఆయన 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. అంతకు కొన్నేళ్ళ ముందు బిస్మిల్ మాత్రం కొనే దారి వెదికారు.

కొనడానికి డబ్బేది? అమెరికాకు స్వాతంత్ర్యం ఎలా వచ్చిందో చెప్పే పుస్తకం ఒకటి హిందీలో రాసి, తల్లి దగ్గర అప్పు తీసుకుని అచ్చు వేయించారు. వ్యాపారం చేస్తానని చెప్పి తీసుకున్న డబ్బు అది. పుస్తకాలు అమ్మి ముందుగా తల్లి బాకీ తీర్చారు. మిగిలిన సొమ్ము దళానికి పెట్టారు. ఆ పుస్తకాన్ని 1918లో ప్రభుత్వం నిషేధించింది.

తాతగారి స్వస్థలమైన గ్వాలియర్ సంస్థానంలో ఆయుధాలు సులువుగా దొరుకుతాయని వాళ్ళకు తెలిసింది. సంస్థానాల్లో తెల్లవాళ్ళ ఆయుధాల చట్టం అంత గట్టిగా సాగేది కాదు. అయితే అక్కడ జనం దగ్గర ఉన్నవి ఎక్కువగా పాతకాలపు టోపీ తుపాకులు. తోటాతో పేలే కొత్త తుపాకులు వచ్చాక సైన్యాలు ఎప్పుడో పక్కన పెట్టేసిన రకం. అందులో మందు పోయాలి, సీసపు గుండు కూరాలి, వెనుక రాగి టోపీ తొడగాలి. మీట నొక్కితే సుత్తి టోపీ మీద పడి, నిప్పు లోపలి మందుకు అంటుకుంటుంది. మందు మంచిదైతే గుండు దూరం పోతుంది. మందు పాడైతే ఆయుధం చేతిలో ఉన్నా లేనట్లే.

అక్కడ ఒకడు అయిదు గుండ్ల టోపీ రివాల్వరు చూపించి రూ. 75 చెప్పాడు. తండ్రి మునిసిపాలిటీ జీతంతో లెక్కేస్తే అది అయిదు నెలల సంపాదన. తీసుకోవాలా, వద్దా? సంతలో ఎద్దును కొనేవాడు పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు. దొంగచాటు బేరంలో ఆ వీలు లేదు. మోసపోతే పోలీసులకు చెప్పుకునే దారీ లేదు. అయినా తీసుకున్నారు. అమ్మినవాడు సంస్థానంలో తయారైన మందు, కొన్ని టోపీలు కూడా ఇచ్చాడు. షాజహాన్‌పూర్ వచ్చి పరీక్షిస్తే సంగతి బయటపడింది. మందు ఎందుకూ పనికిరాని సరకు.

ఆ దెబ్బతో బిస్మిల్‌కు బుద్ధి వచ్చింది. సరకు గుర్తుపట్టడం, ధర కట్టడం నేర్చుకున్నారు. అదే సమయంలో ఇంకో పాఠం కూడా ఎదురైంది. ఆయుధాలు చేతికొచ్చాక సొంత మనుషుల మధ్యనే అనుమానాలు పెరిగాయి. ప్రయాగలో నది ఒడ్డున సంధ్యావందనం చేసుకుంటున్న బిస్మిల్ మీద సహచరులే కాల్పులు జరిపారు. గుండు తగలలేదు. పగతో రగిలిపోతూ ఇల్లు చేరిన కొడుకు చేత, వాళ్ళ ప్రాణం తీయనని తల్లి మాట తీసుకున్నారు. ఎవరి ప్రాణానికీ హాని చేయకూడదు, శత్రువునైనా చంపకూడదు. ఆ తల్లి కొడుక్కు పెట్టిన పెద్ద ఆజ్ఞ ఇదే.

మైన్‌పురి కుట్ర కేసులో పోలీసులు వెదుకుతుంటే బిస్మిల్ కొంతకాలం పల్లెల్లో తలదాచుకున్నారు. 1920లో క్షమాభిక్ష వచ్చాక ఇల్లు చేరారు. 1922లో చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీజీ సహాయ నిరాకరణ ఉద్యమాన్ని నిలిపివేయడంతో నిరాశపడిన యువకులు మళ్ళీ ఆయుధాల వైపు చూశారు. 1924లో హిందూస్తాన్ రిపబ్లికన్ అసోసియేషన్ ఏర్పడింది. ఈసారి వాళ్ళ చేతికొచ్చినవి టోపీ రివాల్వర్లు కావు, జర్మనీ మౌజర్ పిస్తోళ్ళు. మీట నొక్కినప్పుడల్లా ఒక్కో గుండు చొప్పున వరుసగా పది గుండ్లు పేలే రకం.

1925 ఆగస్టు 9న లక్నో దగ్గర కాకోరి వద్ద పది మంది యువకులు గొలుసు లాగి రైలును ఆపారు. ప్రయాణికుల జోలికి రామని, ప్రభుత్వ సొమ్మే తమకు కావాలని కేకలు వేసి చెప్పారు. గార్డు పెట్టెలోని ఇనుప పెట్టె పగలగొట్టి సొమ్ము తీసుకున్నారు. ఎవరినీ చంపాలన్న ఉద్దేశం వాళ్ళకు లేదు. కాని దళంలోని ఒక కుర్రవాడి చేతిలోని మౌజర్ పేలి అహ్మద్ అలీ అనే ప్రయాణికుడు చనిపోయాడు. ఆడవాళ్ళ పెట్టెలో ఉన్న భార్యను చూసుకోవడానికి బండి దిగాడంటారు. గ్వాలియర్‌లో కొన్న పిస్తోలు గుండు పోవలసినంత దూరం పోలేదు. కాకోరిలో పేలిన గుండు పోకూడని చోటికి పోయింది.

సెప్టెంబరు 26న బిస్మిల్ అరెస్టయ్యారు. ఏడాదిన్నర విచారణ తర్వాత 1927 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. బిస్మిల్‌కు, రాజేంద్ర లాహిరీకి, రోషన్ సింగ్‌కు ఉరిశిక్ష పడింది. ఆయన ప్రాణమిత్రుడు అష్ఫాఖుల్లా ఖాన్‌కు ఆ తర్వాత విడిగా జరిగిన విచారణలో ఉరిశిక్ష పడింది.

గోరఖ్‌పూర్ జైలులో బిస్మిల్ రహస్యంగా తన జీవితకథ రాశారు. మోసపోయిన రూ. 75 బేరం సంగతి ఆయన దాచుకోలేదు. చివరి పుటల్లో యువకులకు ఒక విన్నపం చేశారు. రివాల్వర్లు, పిస్తోళ్ళు దగ్గర ఉంచుకోవాలన్న కోరిక విడిచిపెట్టమన్నారు. పల్లెలకు వెళ్ళి రైతుల, కూలీల స్థితి బాగుచేయమన్నారు. చదువు చెప్పమన్నారు, అంటరానివారుగా చూడబడుతున్న వారిని అక్కున చేర్చుకోమన్నారు. హిందువులు, ముస్లింలు కలిసి ఉండాలని మరీమరీ కోరారు. పిరికితనంతో రాసిన మాట కాదిది. ఎదుట ఉరితాడు ఉండగా, పదేళ్ళ అనుభవం మీద రాసిన మాట.

ఉరికి ముందు రోజు తల్లి చూడవచ్చారు. కొడుకు కళ్ళలో నీళ్ళు తిరిగినా తల్లి మాత్రం ధైర్యంగా నిలబడ్డారు. 1927 డిసెంబరు 19 ఉదయం గోరఖ్‌పూర్‌లో బిస్మిల్‌ను ఉరితీశారు. అదే రోజు ఫైజాబాదు జైలులో అష్ఫాఖుల్లానూ ఉరితీశారు. బిస్మిల్‌కు అప్పటికి ముప్పయ్యేళ్ళు. రాప్తీ నది ఒడ్డున దహనం జరిగింది.

అయిదు నెలల జీతమంత సొమ్ము పోసి పిస్తోలు కొన్న మనిషి, వెళ్ళిపోతూ తన తర్వాతి వాళ్ళను పిస్తోలు కొనమనలేదు. పల్లె దారి పట్టమన్నాడు.