కన్నీటిని వాదంగా నిలబెట్టిన జాషువా

గుర్రం జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. తండ్రి యాదవ, తల్లి మాదిగ. క్రైస్తవ కుటుంబంలో పెరిగినా అంటరానితనం ఆయన్ను వదల్లేదు. పంతులుగా బతుకుతూనే పద్యం చేతపట్టారు.

1941 నాటి ‘గబ్బిలం’లో కథానాయకుడు చెప్పులు కుట్టుకునే అరుంధతీసుతుడు. కాశీలోని శివుడికి తన గోడు గబ్బిలంతో చెప్పి పంపుతాడు. గబ్బిలానికి గుడిలోకి అడ్డు లేదు, అతనికి ఉంది. చదువుతుంటే గొంతు పూడుకుపోతుంది. ఆ కన్నీళ్లు తుడిచేసి చూసినా వాస్తవం అక్కడే ఉంటుంది: గబ్బిలానికున్న ప్రవేశం మనిషికి లేదు.

‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది; 1970లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న కన్నుమూశారు.

దళితులు బాధ చెబితే ఆవేశమని కొట్టిపారేయడం ఇప్పటికీ ఉంది. నింపాదిగా చెప్పినంత మాత్రాన అబద్ధం తర్కమైపోదు. గొంతు వణికినంత మాత్రాన నిజం వీగిపోదు. ఆవేశాన్ని తూచాలంటే మూడు అడగాలి: అది నిజం మీద నిలబడిందా? జరిగిన అన్యాయానికి తగ్గట్టుందా? ఏం మారాలో చూపుతోందా? మన వాళ్ల ఆవేశాన్నీ, ఎదుటివాళ్ల ఆవేశాన్నీ ఇదే తక్కెడలో వేయాలి. ‘గబ్బిలం’ మూడింటికీ నిలుస్తుంది.