పెత్తనాల ఎలుక, పండితుడి సూత్రాలు

పంచతంత్రం జంతువుల్లో మీ ఫేవరెట్ ఎవరు అని అడిగితే చాలామంది సింహం అంటారు, లేదంటే కరటక దమనకులనే నక్కల జోడీ అంటారు. నా ఓటు మాత్రం హిరణ్యకుడికే. ఆయనొక ఎలుక. పిడికెడు ప్రాణి, ఊరంత పెత్తనం.

కథ మర్చిపోయినవాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. అడవిలో వేటగాడు నూకలు చల్లి వల పన్నుతాడు. మనుషులు తిరగని చోటికి నూకలెలా వచ్చాయని పావురాల రాజు చిత్రగ్రీవుడికి అనుమానం. గుంపు వినదు, దిగుతుంది, ఇరుక్కుంటుంది. అన్నీ ఒక్కసారిగా రెక్కలు కొట్టి వలతో సహా ఎగిరి, రాజుగారి పాత స్నేహితుడు హిరణ్యకుడి కన్నం దగ్గర వాలతాయి. ఎలుక ముందు స్నేహితుడి కట్లు కొరకబోతాడు. ముందు మావాళ్ళవి కొరకమంటాడు చిత్రగ్రీవుడు. ఇక చూడండి హిరణ్యకుడి పెత్తనం! తన పళ్ళు అంత గట్టివి కావట, కాబట్టి ముందు రాజువి, ఓపికుంటే తర్వాత మిగతావాళ్ళవి అట. తనని తాను వదులుకుని పక్కవాళ్ళని కాపాడటం నీతిశాస్త్రం ఒప్పుకోదని క్లాసు కూడా పీకుతాడు. పీకి పీకి, చివరికి అందరి కట్లూ కొరికేస్తాడు.

తర్వాత కూడా అంతే. కాకి వచ్చి స్నేహం చేద్దామంటే, నువ్వు తినేవాడివి, నేను నీ తిండిని, మనకి స్నేహమేంటని కన్నంలోంచే గదమాయిస్తాడు. ఒకసారి స్నేహం కుదిరాక మాత్రం ప్రాణం పెడతాడు. నీళ్ళు వదిలి గట్టు మీద నడిస్తే ప్రమాదమన్నా వినకుండా బయల్దేరిన తాబేలు వేటగాడికి చిక్కితే, చెప్పినా వినలేదుగా అని కూర్చోడు. జింకని చచ్చినట్టు పడుకోబెట్టి, దాని మీద కాకిని వాలమని, వేటగాడు అటు పోగానే తాబేలు కట్లు కొరుకుతాడు.

ఈ ఎలుకని తరతరాల తెలుగు బడిపిల్లలకి దగ్గర చేసినాయన పరవస్తు చిన్నయసూరి. ఆయన పుస్తకం నీతిచంద్రిక 1853లో వచ్చింది. సూరిగారి జీవితం చదువుతుంటే నాకు మాటిమాటికీ హిరణ్యకుడే గుర్తొచ్చాడు. ఎందుకో చెప్తాను.

ఆయన పుట్టింది పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, మద్రాసు దగ్గర శ్రీపెరంబుదూరులో. ఇప్పుడు ఆ పేరు వింటే మనకి కార్ల ఫ్యాక్టరీలూ క్యాంపస్ ప్లేస్‌మెంట్లూ గుర్తొస్తాయి. వాళ్ళది సాతాని వైష్ణవ కుటుంబం, అంటే బ్రాహ్మణేతరులు. పాండిత్యం ఫలానా ఇళ్ళలోనే పుడుతుందని గట్టిగా నమ్మే రోజులవి. అలాంటి రోజుల్లో ఆయన మద్రాసులో చదువుకుని, పచ్చయప్ప పాఠశాలలో తెలుగు చెప్పి, ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడి స్థానానికి వెళ్ళారు. అప్పట్లో మన గుంటూరు జిల్లాకి కూడా రాజధాని మద్రాసే. కొత్తగా వస్తున్న బళ్ళకి ఏ పుస్తకాలు కావాలన్నా అక్కడే తయారవ్వాలి.

సమస్య ఏంటంటే, తెలుగులో పద్యం వెయ్యేళ్ళ నాటిది కానీ బడికి పనికొచ్చే వచనానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు. రావిపాటి గురుమూర్తి శాస్త్రిగారు అంతకుముందే పంచతంత్ర కథల్ని వాడుకకి దగ్గరగా ఉన్న వచనంలో రాశారు. సూరిగారు వేరే దారి పట్టారు. కావ్యాల భాషని తీసుకుని, ఛందస్సు తీసేసి, పొడుగాటి వాక్యాలు కట్టారు. మిత్రలాభం, మిత్రభేదం అని రెండు భాగాలే రాశారు. మిగిలిన విగ్రహం, సంధి భాగాలకి తర్వాత కొక్కొండ వేంకటరత్నం, కందుకూరి వీరేశలింగం లాంటివాళ్ళు పూనుకున్నారు.

ఆ తర్వాత, 1858లో, బాలవ్యాకరణం వచ్చింది. సంజ్ఞతో మొదలై ప్రకీర్ణకంతో ముగిసే పది పరిచ్ఛేదాలు. మనం టెన్త్‌లో మార్కుల కోసం బట్టీ కొట్టిన ఉత్వసంధి, గసడదవాదేశం, ద్రుతం, కళలు అన్నిటికీ ఈ పుస్తకమే ఇల్లు. సీఎస్ఈ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒక భాష మొత్తానికి రాసిన రూల్ ఇంజిన్. ఒక్కో సూత్రం ఒక్క లైను. అనవసరమైన అక్షరం ఒక్కటీ కనపడదు.

ఇదే ఆయనకి చెడ్డపేరు కూడా తెచ్చింది. రూల్స్ మాస్టారు, ఛాదస్తుడు, తెలుగుని సంకెళ్ళలో పెట్టినాయన అని. కానీ ఆ సూత్రాల్లోనే ఒక మాట ఉంది, బహుళం. ఒక పని కొన్నిచోట్ల తప్పక జరుగుతుంది, కొన్నిచోట్ల జరిగినా జరక్కపోయినా సరే, కొన్నిచోట్ల అసలు జరగదు, కొన్నిచోట్ల ఇంకేదో అవుతుంది. ఈ నాలుగూ కలిపితే బహుళం. పుట్టిన ఇల్లు పుట్టినిల్లు కావచ్చు, పుట్టినయిల్లూ కావచ్చు. రెండూ రైటే. నిజంగా కర్ర పెత్తనం చేసేవాడు ఇంత ఖాళీ ఉంచడు. పైగా పుస్తకానికి పెట్టుకున్న పేరు బాలవ్యాకరణం. పండితుల్ని పరీక్షించడానికి కాదు, నేర్చుకునేవాళ్ళ కోసం అని పేరే చెప్తోంది. ఆయన వదిలేసిన సంగతుల్ని పూరిస్తూ బహుజనపల్లి సీతారామాచార్యులు రాసిన దానికే ప్రౌఢవ్యాకరణం అని పేరొచ్చింది.

మా ఊరు ప్రత్తిపాడు. చుట్టూ నల్లరేగడి, పత్తి, మిర్చి. బస్సు బోర్డు మీద, ఆఫీసుల గోడల మీద ప్రత్తిపాడు అని ఉంటుంది. నోటితో మాత్రం అందరం పత్తిపాడనే అంటాం. ప్రత్తి పాత రూపం, పత్తి మన వాడుక. బోర్డు తప్పని ఎవరూ అనరు, కండక్టరు తప్పని కూడా ఎవరూ అనరు. రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. బళ్ళలో మాత్రం చాలాకాలం ఇలా బతకనివ్వలేదు.

సూరిగారు 1860ల మొదట్లో పోయారు. 1863లో గిడుగు రామమూర్తిగారు పుట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. సూరిగారి తర్వాతి పండితులు ఆయన పుస్తకాన్ని కొలబద్ద చేసేశారు. నీతిచంద్రికలా రాయలేనివాడికి తెలుగు రానట్టే. 1910ల్లో పరీక్షల్లో ఏ తెలుగు రాయాలని మద్రాసులో పెద్ద గొడవైనప్పుడు గిడుగు, గురజాడ వాడుక భాష పక్షాన నిలబడ్డారు. గ్రాంథికం రాయాలని పట్టుబట్టే పండితుల రాతల్లోనే గ్రాంథికం తప్పులెన్నున్నాయో గిడుగు వెతికి మరీ చూపించారు. ఇవాళ నేనిలా రాయగలుగుతున్నానంటే అది వాళ్ళ పుణ్యమే.

అందుకని సూరిగారు విలన్ అయిపోతారా? నాకలా అనిపించదు. పావురాలు వలలో పడ్డప్పుడు కొరికే పళ్ళు కావాలి. తెలుగు వచనానికి బడిలో చోటు లేనప్పుడు ఆయన పుస్తకం ఇచ్చారు, వ్యాకరణం ఇచ్చారు, నిఘంటువు కూడా మొదలుపెట్టి పూర్తి చెయ్యకుండానే వెళ్ళిపోయారు. గదమాయించారు నిజమే, కానీ ఆ గదమాయింపు వెనక ఒక జీవితమంతా చేసిన చాకిరీ ఉంది. ఆయన దారాల్ని తర్వాతివాళ్ళు వలగా అల్లితే, దాన్ని కొరకడానికి గిడుగు వచ్చారు. నా లెక్కలో ఇద్దరూ హిరణ్యకుడి జాతే.

ఇది మనకెందుకంటే, ఇంట్లో అమ్మతో గంటలు గంటలు తెలుగులో మాట్లాడి, ఒక్క పేరా రాయమంటే చెమటలు పట్టే బ్యాచ్ మనది. ఒకటో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం. ఇంటర్‌లో మార్కులొస్తాయని చాలామందికి సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. మిగిలిన ఆ కాస్త తెలుగులో కూడా ళ రాయాలా ల రాయాలా, ఒత్తు ఉందా లేదా అనే భయం. తప్పు రాస్తే నవ్వుతారేమోనని మొత్తానికే మానేసి మెసేజ్‌లు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేస్తున్నాం. వ్యాకరణం అంటే మనకి తెలిసింది ఆ భయమే. అది రాసినాయన మాత్రం, నేర్చుకునేవాడికి చెయ్యి అందించడానికే రాశారు.

నీతిచంద్రిక స్కాన్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మిత్రలాభం తెరిచి, ఎలుకా పావురమూ కట్ల గురించి వాదించుకునే చోటు పట్టుకోండి. మనసులో కాదు, పైకి చదవండి. మొదటి పేజీ కష్టం, వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలీదు. రెండో పేజీకి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అర్థమవుతుంది. అరసున్నలు వదిలేసి చదివినా కథ ఆగదు.